చివరి మనిషి తినేదాకా

మే నెలలో కోరుట్లలో మధ్యాహ్నం పన్నెండున్నరకు కరెంటు పోతుంది. ఎందుకు పోయిందని ఎవరూ అడగరు, ఎప్పుడొస్తుందనే అడుగుతారు. ఆ వేళకు రాజలక్ష్మి ఒళ్లో చాట పెట్టుకుని, నానిన తునికాకు కత్తిరించి, తంబాకు పోసి బీడీలు చుడుతూ ఉంటుంది. ఆమె చేతులు పనిమీదే ఉంటాయి కానీ కళ్లు మాత్రం కూలర్ ముందు కూర్చున్న మొగుడి మీద ఉంటాయి. కూలర్ ఆగితే ఆమె గుండె కూడా కాస్త ఆగుతుంది.

దేవయ్య పందొమ్మిదేళ్లు మస్కట్‌లో ఉన్నాడు. లేబర్ క్యాంపుల్లో జనరేటర్లు నడపడం అతని పని. పోయిన ఎండాకాలం నడుస్తున్న మిషను పక్కనే కూలిపోతే మోసుకెళ్లి ఆసుపత్రిలో వేశారు, ఆ తర్వాత విమానంలో ఇంటికి పంపారు. జగిత్యాల డాక్టరమ్మ రిపోర్టులు చూసి ఒక్క మాటే చెప్పింది. "ఇంకోసారి ఎండదెబ్బ తగిలిందంటే కిడ్నీలు పోతయి. మనిషిని సల్లగ ఉంచుకోండ్రి."

కరెంటు లేని ఊళ్లో మనిషిని చల్లగా ఉంచడం ఎట్లా? అందుకే ఇద్దరూ సిరిసిల్లకు పోయారు.

సిరిసిల్లలో ఓదెలు అని దేవయ్య పాత దోస్తు ఉన్నాడు. మరమగ్గాల షెడ్డు మూసేసి, మిలిటరీ వాళ్లు వాడి వదిలేసిన జనరేటర్లు ఏడింటిని వేలంలో తెచ్చి పెట్టుకున్నాడు. రేకుల కింద ఆకుపచ్చ రంగులో, ఒంటిమీద తెల్లటి అంకెలతో వరుసగా నిలబడి ఉన్నాయి. దేవయ్య ఒక్కొక్కదాని మీద చెయ్యి వేసి చూస్తూ పోయి మూడోదాని దగ్గర ఆగాడు.

"గిది మంచిగ చూసుకున్న మిషను. దీన్ని నడిపినోడు మనసున్నోడు," అన్నాడు.

"నడిచేది గదొక్కటే," అన్నాడు ఓదెలు. "మిగిలిన ఆరు మూలుగుతయి, నడువయి. బాగుచేసేటోడు దొరుకుతలేడు. ఇంకొకటి దేవన్నా, ముందుగాలనే జెప్తున్న. గిది మంచుకొండల మీద పనిజేసిందట. అక్కడ ఆఖరు మనిషి తినేదాక ఆపొద్దని ఆర్డరట. గా అలవాటు ఇంక పోలే. ఇంట్ల ఒక్కలు తినకున్నా, స్విచ్ ఎంత నొక్కినా ఆగదు."

"అలవాటు మంచిదే గద," అంది రాజలక్ష్మి.

కొత్త బండి కొంటే కొండగట్టుకు తీసుకుపోవాలి. మోటర్ సైకిల్‌కయినా ట్రాక్టర్‌కయినా అదే పద్ధతి. జనరేటర్‌కు మాత్రం ఎందుకు ఉండకూడదని రాజలక్ష్మి పట్టుబట్టింది. సిరిసిల్ల నుంచి మిషనును మోస్తూ, చుట్టు తిరిగి గుట్టెక్కిన ట్రాలీ ఆటోలోకి తొంగి చూసి పంతులు "బండేదమ్మా?" అన్నాడు. "గిదే," అంది. ఆయన ఒక్క క్షణం తటపటాయించి, తెల్లటి అంకెలనే బండి నెంబరు అనుకుని చదివి, సింధూరం పెట్టి, నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయ కొట్టాడు. మిషను ఇంటికొస్తోంది, ఇక ఈ మనిషి ఎటూ పోడు అని రాజలక్ష్మి మొక్కుకుంది. మిషను ఇంటికొస్తోంది, ఇక నేను నిమ్మళంగా మస్కట్ పోవచ్చు అని దేవయ్య మొక్కుకున్నాడు. పక్కపక్కనే నిలబడి ఒకే దేవుడికి ఎదురెదురు మొక్కులు మొక్కి, ఒకే కొబ్బరి చిప్ప పంచుకు తిన్నారు.

మర్నాడు పన్నెండున్నరకు కరెంటు పోయింది. దేవయ్య దొడ్లోకి పోయి మిషను తిప్పాడు. కూలర్ తిరిగింది. కాసేపటికి కూలర్లోంచి మంచు పడటం మొదలైంది. మెత్తగా, తెల్లగా, దూది ఏకినట్టు గదంతా పడింది.

పక్కింటి పోచవ్వ బీడీల చాటతో వచ్చి గోడవారకు కూర్చుంది. "రాజవ్వా, తంబాకు తడుస్తది, జర కూలర్ మొకం అటు తిప్పు," అంది. మర్నాడు తంబాకు మీద కప్పడానికి గుడ్డ, చల్లబెట్టుకోవడానికి మజ్జిగ కుండ తెచ్చుకుంది. ఎండకు పెళపెళ విరిగే తునికాకు ఆ ఇంట్లో మాత్రం సాయంత్రం దాకా మెత్తగా ఉండేది. దేవయ్య దుప్పటి కప్పుకుని కూర్చునేవాడు. కరెంటొచ్చే వేళకు ఆఖరున అతను అన్నం తిని చెయ్యి కడిగితే మిషను ఆగేది. అందుకని వేళకు తిండి, వేళకు మందు. అతని మొహంలోకి నెత్తురొచ్చింది.

నెత్తురుతోపాటు మస్కట్ మాట కూడా పైకొచ్చింది.

"వీసా అచ్చింది," అన్నాడు ఒకరోజు. "పాత పనే. పది రోజుల్ల పోవాలె."

రాజలక్ష్మి చేతిలో బీడీ నలిగిపోయింది. "డాక్టరమ్మ ఏమన్నదో మరిచినవా?"

"మరువలే. మొగోన్ని దుప్పటి గప్పి కూసుండవెట్టి, నువ్వు బీడీలు జేస్తే నేను తినుడేనా? నాకు మిషన్ల పని వస్తది రాజలక్ష్మీ. చేతికి పని లేక చస్తున్న. కిడ్నీలు పోయేదాక ఎందుకు, ముందుగాల గిట్లనే పోత."

ఆమె ఏడ్చింది, తిట్టింది, రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మామిడికాయలు తెచ్చి తొక్కు పెట్టింది. ఎడారికి పోయేవాడి బ్యాగులో తొక్కు లేకుండా ఈ ప్రాంతంలో ఏ ఆడమనిషీ పంపదు, ఎంత కోపమున్నా సరే.

బయలుదేరే రోజు రెండు గంటలకు విమానాశ్రయానికి కారు. పన్నెండున్నరకు మామూలుగానే కరెంటు పోయింది, మిషను నడిచింది. రాజలక్ష్మి అన్నం వడ్డిస్తానంటే దేవయ్య బ్యాగుకు తాడు బిగిస్తున్నాడు. "తొవ్వల తింట తియ్యి," అన్నాడు.

మంచు పడుతూనే ఉంది. కరెంటు వచ్చినా మిషను ఆగలేదు. దేవయ్య స్విచ్ నొక్కాడు. ఆగలేదు. డీజిల్ బందు చేశాడు, ఆగలేదు. మంచు గది నిండి, గడప దాటి, గల్లీలోకి పోయి మోకాలి లోతు, నడుము లోతు పేరుకుంది. ఆ ఒక్క గల్లీలోనే. పదిళ్ల అవతల పెద్ద రోడ్డు మీద డాంబరు కరిగి చెప్పులకు అంటుకుంటోంది.

కారు నడిపే నవీన్ ఫోన్ చేశాడు. "అన్నా, మీ గల్లీల మంచున్నది, బండి రాదు. రోడ్డు మీదనే ఉన్న. జెల్ది రా."

దేవయ్య బ్యాగు నెత్తిన పెట్టుకుని నాలుగడుగులు వేశాడు. ఐదో అడుగుకు చాతీదాకా దిగబడి, వెనక్కి వచ్చాడు.

తను నాలుగు ముద్దలు తిన్నాక, రాజలక్ష్మి పళ్లెంలో వేడన్నం, పప్పు తెచ్చి అతని ముందు పెట్టింది.

"నువ్వు తింటె మిషను ఆగుతది. ఆగితె తొవ్వ తెరుసుకుంటది. పోవాలంటె తిను," అని చాట ఒళ్లోకి తీసుకుంది. జీవితమంతా ఎంతోమందికి వడ్డించిన మనిషి, ఎదుటివాడు తినొద్దని ప్రాణమంతా పెట్టి కోరుకోవడం ఆమెకు అదే మొదటిసారి. ఆ పాపానికి తునికాకు వంకరగా తెగింది.

దేవయ్య అన్నం కలిపాడు. ముద్ద చేసి చేతిలో పట్టుకున్నాడు. ఫోన్ మోగింది. ఆ మంచుకొండమీద ఈ మిషను నడిపినవాడు జ్ఞాపకమొచ్చాడు, చూడని మనిషి జ్ఞాపకం రావడమేమిటో గానీ. ఎవడో ఒకడు ఇంకా తినలేదని, వాడి కోసం దీపం ఆర్పకుండా చలిలో కూర్చున్నవాడు. దొడ్లో మిషను దడదడలాడుతూనే ఉంది. ఈ భూమ్మీద తను తిన్నాడా లేదా అని ఇంతగా కనిపెట్టుకుని ఉన్నవాళ్లు ఈ ఇంట్లోనే ఇద్దరున్నారని దేవయ్యకు తోచింది.

ముద్దను పళ్లెంలో పెట్టేశాడు.

మూడయింది. నాలుగున్నరకు నవీన్ మళ్లీ చేశాడు. "ఇగ విమానం అందదన్నా. నేను పోతున్న."

"మంచిది తమ్మీ. పైలం."

రాజలక్ష్మి తలెత్తింది. "అన్నం సల్లారింది. మల్ల వండుదునా?"

"వద్దు. గా బ్యాగుల తొక్కు తియ్యి."

తొక్కు వేసుకుని, చల్లారిన అన్నం మెతుకు మిగల్చకుండా తిన్నాడు. కారానికో దేనికో కళ్లు తుడుచుకున్నాడు. పళ్లెంలో చెయ్యి కడగగానే మిషను రెండుసార్లు దగ్గి ఆగింది. గల్లీలో నీళ్లు పారాయి. పోచవ్వ చీపురు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

చేతి తడి ఆరకముందే దేవయ్య ఓదెలుకు ఫోన్ కలిపాడు. "గా ఆరు మిషన్లు ఎవలకు అమ్మకు. రేపు అస్తున్న."

ఇప్పుడతను తెల్లారి మొదటి బస్సుకు సిరిసిల్ల పోతాడు, ఎండ ముదరకముందే తిరుగు బస్సెక్కుతాడు. ఆ ఆరింటిలో అతని చేతిలో పడి రెండు మిషన్లు నడుస్తున్నాయి. అందులో ఒకటి సముద్రం ఒడ్డున పనిచేసిందట, అది నడిచినంతసేపూ ఓదెలు షెడ్డులో ఉప్పుగాలి కొడుతుంది, ఇనుప సామానుకు తుప్పు పడుతోందని అతని గొడవ.

ఒక్కోరోజు బస్సు ఆలస్యమవుతుంది. కోరుట్లలో పన్నెండున్నరకు కరెంటు పోతుంది. రాజలక్ష్మి మిషను తిప్పుతుంది, తను తింటుంది, బీడీలకొచ్చిన ఆడవాళ్లంతా తింటారు. మిషను మాత్రం ఆగదు. దేవయ్య ఇంకా దారిలో ఉన్నాడు.