తలుపు మాది, పైపు వాళ్ళది

మా ఇంట్లో ఒక మాట నిషేధం. ఆ మాట "ఖాళీ". సీసా ఖాళీ అయితే "నీళ్ళు నిండుకున్నాయి" అనాలి. బస్సు ఖాళీగా వస్తే "జనం లేరు" అనాలి. ఈ చట్టం చేసింది మా ఆయన. అద్దె ఇంట్లో ఉంటూ ఆ మాట పలికితే ఓనరు చెవిన పడుతుందట, లేనిపోని ఆలోచన పుడుతుందట. బస్సు డిపోలో మనిషెత్తు టైర్లు ఊడదీసి బిగించే ఈ మనిషి, కింద వాటాలో ఓనరు దగ్గితే చాలు, కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

నవ్వుతాను గానీ ఆ భయం నాకూ ఉంది. నాది కిటికీ భయం. నేను కట్టుడు పళ్ళు చేస్తాను. దంతవైద్యులు నోటి అచ్చు తీసి పంపితే దానికి సరిపోయేలా పళ్ళు అమర్చి, రంగు కలిపి, మెరుగుపెట్టి ఇవ్వడం నా పని. పళ్ళంటే తెలుపేగా అనుకుంటారు జనం. కాదు. ఒకరివి మీగడ రంగు, ఒకరివి టీ కప్పు లోపలి రంగు. ఆ తేడా ట్యూబులైటు కింద తెలియదు, మండే ఎండలోనూ తెలియదు. ఉత్తరం నుంచి వచ్చే చల్లటి వెలుతురు కావాలి. ఈ ఇంటి ముందుగదికి ఉత్తరాన గోడంతా కిటికీయే. చూడటానికి వచ్చినరోజు వంటగది వైపు తొంగి కూడా చూడకుండా సరేనన్నాను. అలాంటి కిటికీ ఇంకొకటి ఎంత గాలించినా దొరకదు.

ఓనరు ఒకప్పుడు తాపీమేస్త్రీ. ఈ ఇల్లు తన చేతులతోనే కట్టుకున్నారు. వీధంతా మేస్త్రీగారంటుంది. మేము బాబాయ్ గారంటాం, ఆయన భార్యను పిన్నిగారంటాం. అద్దె ఒప్పందం మీద అందరిలాగే మేమూ చదవకుండా సంతకం పెట్టాం. బాబాయ్ గారూ చదవలేదు. పిన్నిగారు మాత్రం కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివి, సాక్షిగా సంతకం చేశారు.

చేరిన కొత్తలో పడకగది తలుపు కిర్రుమనేది. ఓనరుకు చెబుదామంటే మా ఆయన వద్దన్నారు. ఫిర్యాదులు చేసేవాళ్ళని ఎవరు ఉంచుకుంటారని ఆయన వాదన. కిమ్మనకుండా ఊరుకున్నాం. ఒక సాయంత్రం చూస్తే తలుపు చప్పుడు లేదు. మా ఆయన నూనె వేశారనుకుని మెచ్చుకున్నాను. ఆయన కాదనలేదు. తర్వాత వదులైన స్విచ్చు బోర్డు బిగిసింది, బాల్కనీ గడియ తిన్నగా పడటం మొదలుపెట్టింది. నేను పొగిడినప్పుడల్లా, అదెంత పనిలే అన్నట్టు మొహం పెట్టేవారు. ఇలాంటి మొగుడు దొరకడం నా అదృష్టమని అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పాను. అవన్నీ వాటంతటవే బాగయ్యాయని ఆయన అనుకున్నారని తర్వాత తెలిసింది.

ఇంతలో వంటగదిలో సింకు కింద పైపు జాయింటు దగ్గర కారడం మొదలైంది. ఈసారి అది దానంతటది బాగవలేదు. మా ఆయన పాత గుడ్డ చుట్టి, దానిమీద టేపు చుట్టి, దానిమీద మళ్ళీ గుడ్డ చుట్టారు. చూడటానికి దెబ్బ తగిలిన కాలులా ఉంది. బయటికి వెళ్ళేటప్పుడల్లా సింకు కింద వాల్వు కట్టేసి వెళ్ళడం అలవాటు చేసుకున్నాం. ఓనరుకు మాత్రం చెప్పలేదు.

ఒకరోజు తయారైన పళ్ళు క్లినిక్కుల్లో ఇచ్చి ఇంటికొచ్చేసరికి మెట్ల మీదుగా నీళ్ళు దిగుతున్నాయి. కింద పిన్నిగారు చీపురుతో వాటిని గుమ్మం బయటికి తోస్తున్నారు. బాబాయ్ గారు ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, అప్పుడే ట్యాంకు దగ్గర నీళ్ళు కట్టేసి వస్తున్నారు. నా వెనకే మా ఆయన కూడా డ్యూటీ నుంచి దిగారు. తలుపు తీసి చూస్తే గుడ్డా టేపూ ఊడి నేలమీద తేలుతున్నాయి. ముందుగదిలో అచ్చులు పోసే ప్లాస్టర్ పిండి బస్తా నీళ్ళు తాగి, బస్తా ఆకారంలోనే రాయిలా గడ్డకట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే కోపమొచ్చింది. వాల్వు కట్టకుండా వెళ్ళారని మా ఆయన మీద ఒంటికాలి మీద లేచాను. ఆయన కట్టానంటారు, ఒట్టంటారు. పొగిడినంతకాలం నోరు మెదపని మనిషి, ఇప్పుడు ఆపకుండా మాట్లాడుతున్నారు.

గుమ్మంలో నిలబడ్డ బాబాయ్ గారు గొంతు సవరించుకున్నారు.

"అబ్బాయి కట్టాడమ్మా. నేనే తెరిచాను."

పొద్దున మేమిద్దరం వెళ్ళాక ఆయన తన దగ్గరున్న తాళంచెవితో లోపలికి వచ్చారట. కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదట. పిల్లలకు వాల్వు సంగతి తెలియక తిప్పలు పడుతున్నారనుకుని, చీకట్లో చెయ్యిపెట్టి తెరిచి, కుళాయి సరిగ్గా వస్తోందని చూసుకుని, తృప్తిగా వెళ్ళారట. తలుపుకు నూనె వేసిందెవరో, గడియ సరిచేసిందెవరో నాకప్పుడు తెలిసింది. మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ వైపు చూస్తున్నారు.

ఆయన లెక్క తర్వాత తేలుద్దామనుకున్నాను. మేము లేనప్పుడు ఒక మనిషి మా పక్కమీది దుప్పటీ, మా ఎంగిలి కప్పులూ చూస్తూ ఇల్లంతా తిరిగారన్న సంగతి నాకు మింగుడుపడలేదు.

"మేం లేనప్పుడు మా ఇంట్లోకి ఎలా వచ్చారు బాబాయ్ గారూ?"

"ఇల్లు నాదేగదమ్మా."

"ఇల్లు మీదే. కానీ మేం అద్దె కడుతున్నన్నాళ్ళూ తలుపు మాది."

అనేశాను. కిటికీ కళ్ళముందు మెదిలింది. బాబాయ్ గారి మొహం ఎర్రబడింది. తను వేసిన పైపుకు ఆ గుడ్డ చుట్టడమేమిటి, కారుతుంటే ఒక్కమాట చెప్పడానికి నోరు రాలేదా అని ఆయనా అందుకున్నారు. మాట పెరిగేదే. పిన్నిగారు చీపురుతోనే పైకి వచ్చి బాబాయ్ గారి వైపు తిరిగారు.

"మీ కాగితం చదివింది నేనొక్కదాన్నే కాబట్టి నేనే చెబుతున్నా, వినండి. చెప్పి రావడం, తలుపు తట్టడం మీ పని. పైపు కారుతోందని వెంటనే చెప్పడం వాళ్ళ పని. మీరేమో చెప్పకుండా వచ్చి వాళ్ళ వాల్వు తిప్పారు, వాళ్ళేమో చెప్పకుండా మీ పైపుకు కట్టు కట్టారు. ఎవరి పని వాళ్ళు చేసుంటే నాకీ చీపురు పని ఉండేదా?"

నలుగురం కలిసి నీళ్ళు తుడిచాం.

సాయంత్రం తలుపు తట్టిన చప్పుడైంది. మా ఆయన నీరుకారిపోయారు. "అయిపోయింది, ఖా..." అని ఆపేశారు. ఆ మాట సగం అనడం కూడా అదే మొదటిసారి. తలుపు తీశాను. బాబాయ్ గారు లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడి తాళంచెవి నా ముందుకు చాచారు.

"ఇది మీరే ఉంచుకోండమ్మా. ఇంతకుముందు ఉన్నవాళ్ళని నేను రోజూ తలుపు తట్టి, ఏం పాడైంది, ఏం బాగుచేయాలి అని అడిగేవాణ్ణి. విసుగొచ్చి వెళ్ళిపోయారు. మీరూ వెళ్ళిపోతారేమోనని, మీకు తెలీకుండా చూసుకుంటున్నా."

నాకు నవ్వొచ్చింది, కళ్ళు కూడా చెమర్చాయి. మమ్మల్ని పంపేస్తారని పైన మేము నోరు కట్టుకుని కూర్చుంటే, మేము వెళ్ళిపోతామని కింద ఈయన పిల్లిలా తిరుగుతున్నారు. తాళంచెవి తీసుకుని, మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టాను. మళ్ళీ నీళ్ళు పొంగితే మీ దగ్గరా ఒకటి ఉండాలి, ఫోన్ చేసి అడిగి రండి చాలన్నాను. తర్వాత ఊపిరి బిగబట్టి, ఈ ఇంట్లో చేరాక మొట్టమొదటి ఫిర్యాదు చేశాను.

"బాత్రూం కిటికీ మూసుకోవట్లేదు బాబాయ్ గారూ."

ఆయన మొహం వెలిగిపోయింది. ఇంకేమైనా ఉందా అని ఆశగా అడిగారు. ఉందన్నాను. సింకు, పంపు, అటక తలుపు, అన్నీ చెప్పాను. వెనక మా ఆయన నా కొంగు లాగుతూనే ఉన్నారు.

మర్నాడు పనిలో కూర్చున్నాను. తలుపు గాలికి కొట్టుకోకుండా గడ్డకట్టిన ఆ బస్తాను అడ్డం పెట్టాం. అంతకన్నా బరువైన వస్తువు మా ఇంట్లో లేదు. కిటికీలోంచి మంచి వెలుతురు వస్తోంది. ఎవరిదో పై వరస పన్ను చేతిలో పట్టుకుని రంగు సరిచూస్తున్నాను. బార్లా తెరిచిన తలుపు మీద టకటకమని చప్పుడైంది. బాబాయ్ గారు పనిముట్ల సంచీతో బయటే నిలబడి, లోపలికి చూడకుండా తల పక్కకు తిప్పుకుని ఉన్నారు.

"రావచ్చా అమ్మాయ్?"

వెంటనే రమ్మనవచ్చు. కానీ ఈ ఇంట్లో నన్ను ఆ మాట అడగడం అదే మొదటిసారి. పన్ను మెల్లగా బల్లమీద పెట్టి, కాసేపు ఆ మాటను అలాగే ఉండనిచ్చాను. తర్వాత, రండి బాబాయ్ గారూ అన్నాను.