మల్‌సున్ మింగిన మాత్ర

కొరియా తీరంలోని సొక్‌చో ఊరి ఆడవాళ్ళ కుస్తీ జట్టులో అందరికంటే బరువైన తరగతి హేరన్‌ది. డెబ్బై ఎనిమిది కిలోలు. ఎవరడిగినా గట్టిగానే చెప్పేది. భర్త కిథాక్ స్క్విడ్‌లు పట్టే పడవ మీద పనిచేస్తాడు. బక్కపలచని మనిషి. ఇద్దరూ పక్కపక్కన నడుస్తుంటే రేవులో ముసలమ్మలు, వాణ్ణి గాలికి ఎగిరిపోకుండా పట్టుకోమని హేరన్‌కు చెప్పి నవ్వేవాళ్ళు.

శరత్కాలం పోటీలు అయ్యాకే పిల్లల సంగతి చూద్దామని మొగుడూ పెళ్ళాలు అనుకున్నారు. అయితే ఒక బుధవారం కండోమ్ చిరిగింది. తెల్లారగానే ఆస్పత్రికి వెళ్ళి కడుపు రాకుండా వేసుకునే మాత్ర రాయించుకుందామని హేరన్ మేడ దిగింది. కింద కిథాక్ అక్క మల్‌సున్‌కు ఎండుచేపల దుకాణం ఉంది. సాధన మానేసి మంచి బట్టలు కట్టుకుని ఎటు వెళ్తున్నావని మల్‌సున్ దారికి అడ్డం నిలబడింది. ఆవిడ దగ్గర ఏదీ దాగదు. హేరన్ ఉన్నమాట చెప్పేసింది.

"ఆ మాత్రను నమ్ముకోకు," అంది మల్‌సున్. "నేనూ మింగాను. ఇదిగో ఫలితం."

ఫలితం పేరు దల్లే. నాలుగేళ్ళది. బుట్టల మధ్య కూర్చుని ఎండుచేప తోక నములుతోంది.

మల్‌సున్ ఆ మాట నవ్వుతూనే చెప్పింది గానీ, దాని వెనక కథ నవ్వులాట కాదు. దల్లే కడుపులో పడ్డప్పుడు ఆమె భర్త ఇన్‌బే ఆమెను నమ్మలేదు. మూడో బిడ్డ కావాలనిపించి మాత్ర పారేసి, మింగానని అబద్ధమాడిందన్నాడు. కొన్నాళ్ళు మాటల్లేవు. దల్లే పుట్టాక, ముద్దుగా ఉండటంతో కోపం పోయి అది పరాచికమైంది. నలుగురూ చేరి సోజు సారా పుచ్చుకున్నప్పుడల్లా, మా ఆవిడ మాత్రను సముద్రపు కాకులకు వేసిందని ఇన్‌బే చెప్పేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. మల్‌సున్ కూడా నవ్వేది. తర్వాత వంటింట్లో గిన్నెలు అరిగిపోయేలా తోమేది.

ఆస్పత్రిలో ఉన్నది కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు. ఎప్పుడు జరిగిందో, నెలసరి ఎప్పుడో అడిగాడు. ఆ తర్వాత ఏదో అడగబోయి ఆగాడు. భోజనం బాగా చేస్తారా అన్నాడు. వ్యాయామం ఉందా అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

హేరన్‌కు అర్థమైంది. "బరువు కావాలా డాక్టరుగారూ? డెబ్బై ఎనిమిది. కావాలంటే తూకం మీద ఎక్కుతాను."

డాక్టరు తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. ఆ ప్రశ్న అడిగితే చాలామంది నొచ్చుకుంటారనీ, కొందరు నాలుగైదు కిలోలు మింగేసి చెప్తారనీ అన్నాడు. మామూలుగా ఇచ్చే మాత్ర అయితే బరువైన ఒంట్లో దాని మందు నెత్తురులో పలచబడుతుందట. డెబ్బై కిలోలు దాటినవాళ్ళలో అది తప్పే అవకాశం పెరుగుతుందట. ఆమె బరువుకు ఇంకో రకం మాత్ర నయం. అన్నిటికంటే గట్టిది గర్భసంచిలో పెట్టే రాగి సాధనం. దానికి మనిషి బరువుతో నిమిత్తం లేదు. ఐదు రోజుల్లోపు పెట్టించుకుంటే చాలు.

వచ్చే ఏడు బిడ్డను కనాలనుకుంటున్నాను కదా అని హేరన్ రెండో రకం మాత్రే తీసుకుంది. నెలసరి ఆలస్యమైతే పరీక్షకు రమ్మన్నాడు. లేవబోతూ ఆమె వదిన సంగతి అడిగింది.

"ఆవిడ విషయంలో కారణం ఇదేనని చెప్పలేను," అన్నాడు డాక్టరు. "ఒక్కోసారి ఎవరికైనా తప్పుతుంది. బరువున్నవాళ్ళకు ఇంకొంచెం ఎక్కువ. కడుపొచ్చినంత మాత్రాన మింగలేదనడం మాత్రం తప్పు."

ఆ సాయంత్రం మల్‌సున్ ఇంట్లో కిథాక్‌తో సహా అందరూ చేపల పులుసుతో భోంచేస్తుండగా హేరన్ ఈ మాటలన్నీ పొల్లుపోకుండా చెప్పింది. ఇన్‌బే చేతిలో చెంచా ఆగిపోయింది.

"అయితే నువ్వు నిజంగానే మింగావా?"

"ఐదేళ్ళ నించీ అదే కదా మొత్తుకుంటున్నా."

ఇన్‌బే చెంచా కింద పెట్టాడు. తర్వాత, పిల్లలు వింటుండగానే, తప్పు నాదే, నిన్ను నమ్మాల్సింది అన్నాడు. మల్‌సున్ మొహం తిప్పేసుకుని గరిటెతో అన్నం తెగ కలిపింది. ఆవిడ కళ్ళు తడవడం హేరన్ అంతకుముందు చూడలేదు. వాతావరణం తేలిక చేద్దామని అడిగింది:

"వదినా, అప్పుడు డాక్టరుకు బరువెంతని చెప్పావు?"

మల్‌సున్ తల ఎత్తలేదు. "అరవై రెండు."

ఇన్‌బేకు పొలమారింది. "పెళ్ళినాటికే డెబ్బై కదే నువ్వు."

గరిటె గాల్లోకి లేచింది. కిథాక్ నవ్వుతూ బల్ల కిందికి దూరాడు. దల్లే కూడా దూరింది, ఆట అనుకుని.

హేరన్‌కు నెలసరి కాస్త ఆలస్యంగా వచ్చింది. ఆ రోజు సాధనలో ఆ సంతోషం పట్టలేక తోటి అమ్మాయిని ఇసుకలోకి అంత ఎత్తునించి విసిరేసరికి, ఆ బలం పోటీకి దాచుకోమని శిక్షకురాలు మందలించింది.

మరుసటి వారం మల్‌సున్ తనే ఆస్పత్రికి వెళ్ళింది, రాగి సాధనం పెట్టించుకోడానికి. డాక్టరు నోరు తెరవకముందే చెప్పులు విప్పి తూకం ఎక్కి, అంకె బాగా చదువుకో నాయనా అంది. బయట ఇన్‌బే వేడి ఆవిరి రొట్టెల పొట్లం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరూ సముద్రపు ఒడ్డునే నడుస్తూ ఇల్లు చేరేలోగా పొట్లం ఖాళీ చేశారు.