డెమో క్లాసులో అభ్యర్థి

హనుమత్ప్రసాద్ కారు కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల అమీర్‌పేటలో, మైత్రీవనం పక్క సందులోకి తిరిగింది. పై అంతస్తు కిటికీలోంచి అరుణాదేవి అది చూసింది.

రెండు వేల నాలుగు, ఎన్నికల వేడి. పేద విద్యార్థులకు ఉచితంగా కంప్యూటర్ కోర్సులు చెప్పే ట్రస్టుకు ఆమె కార్యదర్శి. హనుమత్ప్రసాద్ దానికి కంప్యూటర్లు కొనిచ్చిన దాత, ఇప్పుడు అభ్యర్థి. ట్రస్టు గదిలో ఆయన ఓటడిగితే పన్ను మినహాయింపుకే ముప్పని లాయరు హెచ్చరించాడు. అది పోతే చందాలు రావు. ట్రస్టు మూతే.

"వద్దండీ అంటే వినలేదు. రెండు నిమిషాలేనట" అంది, జావా చెప్పే ఫహాద్‌తో. "వెనకే ఎన్నికల వాళ్ల వీడియో కెమెరా."

"జర ఆగండి మేడమ్. కింద చూడండి."

తెల్లచొక్కా, వెంట పదిమంది, గంట ఆలస్యం. అమీర్‌పేటలో పేరున్న ఫ్యాకల్టీ దిగే తీరే అది.

"పెద్ద సార్ వచ్చిండు రా. ఫ్రీ డెమో" అన్నాడు సందులోని విద్యార్థుల్లో ఒకడు.

అరవై మంది నోటు పుస్తకాలతో మెట్లెక్కారు. అనుచరులు కిందే ఇరుక్కుపోయారు. ఏ సభలోనూ ఇంత జనాన్ని చూడని హనుమత్ప్రసాద్ పొంగిపోయి మైకు అందుకున్నాడు.

"నా ప్రియమైన..."

"కోర్ జావానా సార్, అడ్వాన్స్‌డా?"

"అన్నీ చేస్తాం బాబూ."

"ఎన్ని రోజుల్ల?"

"వంద రోజుల్లో."

గది గొల్లుమంది. "మధురానగర్‌ల నలభై అయిదు రోజులకే చెప్తుండ్రు సార్."

ఫహాద్ వినయంగా మార్కర్ అందించాడు. "ఒక్క ప్రోగ్రామ్ వెయ్యండి సార్. నమ్ముతరు."

గుమ్మంలో కెమెరా తిరుగుతోంది. ఇంతమంది ముందు రాదని ఎలా అంటాడు? బోర్డు మీద ఒక డబ్బా గీశాడు. దాని కింద ఇంకో డబ్బా. రెంటినీ కలుపుతూ బాణం. అరవై మందీ పుస్తకాల్లోకి దించుకున్నారు.

"గా బాణం ఎందుకు సార్?" ముందు వరసలోని హైందవి అడిగింది.

ఆయన మార్కర్‌కు మూత పెట్టాడు. "రేపు చెప్తానమ్మా."

డౌటు రేపటికి వాయిదా వేసే సార్ దగ్గర అమీర్‌పేటలో ఎవరూ చేరరు. కుర్చీలు ఒక్కసారిగా కదిలాయి. ఆ తోపులాటలో అభ్యర్థి కూడా మెట్లు దిగిపోయాడు.

కెమెరాతో వచ్చిన ఎన్నికల ఉద్యోగి ఐలయ్య టేపు రెండుసార్లు తిప్పి చూశాడు. రెండోసారి నవ్వాపుకోలేక గోడకు ఆనుకున్నాడు.

"ఓటు మాటే లేదు మేడమ్. గట్లనే రాస్త" అని రిపోర్టు మీద సంతకం పెట్టాడు.

అరుణాదేవి నవ్వుతూనే కుర్చీలో కూలబడింది. అందరూ పోయినా హైందవి కదల్లేదు.

"అసలు క్లాసు ఎప్పుడు సార్?"

ఫహాద్ బోర్డు తుడిచాడు. "ఇప్పుడే. రాస్కో."