దేవుడు లేని క్యాలెండరు

పాలకొల్లు బజార్లో స్టీలు సామాన్ల కొట్టు నడుపుకునే మనిషికి మంచు కొండలతో ఏం పని? ఈ మాట నాగేశ్వరప్రసాద్‌ను అడగని వాళ్ళు ఊళ్ళో లేరు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. పెళ్ళిళ్ళు లేకపోతే బిందెలూ గంగాళాలూ కదలవు. అందుకని ఆ నెల్లో కొట్టు గుమాస్తా హరిబాబుకు అప్పగించి, కెమెరా మెడలో వేసుకుని హిమాలయాలకు పోయేవాడు. భార్య మీనాకుమారి చనిపోయినప్పటి నుంచీ ఇదే వరస. తీర్థయాత్రా అంటే కాదు. గుడీ గోపురం లేని చోటికి అంత దూరం ఎందుకండీ అంటే, "ఫోటోల కోసమండి" అనేవాడు.

పోనీ ఆ ఫోటోలైనా ఎవరన్నా చూశారా? ఫోను చేతికిస్తే పైకీ కిందికీ తోసి అందరిదీ ఒకటే మాట. "బాగున్నాయండి. ఇందులో మీరేరి?" తీసినవాడు ఫోటోలో ఎలా ఉంటాడు, మీరే చెప్పండి! మనవాళ్ళకు కొండ ముందు మనిషి నిలబడితేనే అది కొండ.

పోయిన ఆషాఢంలో కొండల మధ్య ఓ అభయారణ్యంలో చాలా పైకి ఎక్కాడు. మోకాళ్ళు గోల పెట్టాయి, ఊపిరి అందలేదు. తెల్లారగానే, వెంట వచ్చిన గైడు గుడారం దగ్గర టీ కాస్తుంటే, ఒక్కడే ఇంకాస్త ఎక్కి సరస్సు ఒడ్డుకు చేరాడు. సగం నీళ్ళు, సగం మంచు. వీపు మీద ఎండ పడుతోంది. అవతలి రాళ్ళలోంచి వంకీల కొమ్ముల కొండమేక ఒకటి దిగివచ్చి నీళ్ళకు మూతి ఆనించింది. కెమెరా ఎత్తాడు. ఎలా నొక్కాడో, నొక్కాడు. నొక్కి, పాడు అలవాటు, పక్కకు తిరిగి, "మీనా, చూడవే!" అని అరిచేశాడు.

మేక పారిపోయింది. పక్కన మంచు తప్ప ఏమీ లేదు. ప్రసాద్ అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అంత అందాన్ని చూసి కూడా ఒక్కళ్ళతో పంచుకోలేని బతుకు ఏం బతుకని ఏడ్చాడు. ఆ ఒక్క ఫోటో అయినా ఎవరో ఒకరు నిదానంగా, కళ్ళారా చూడాలని ఆయన మనసు పట్టుబట్టింది.

ఆ పట్టుదలతోనే అసలు పొరపాటు చేశాడు. ఏటా కొట్టు తరఫున పంచే క్యాలెండరు మీద లక్ష్మీదేవిని తీసేసి సరస్సునూ కొండమేకనూ వేయించాడు.

"బాబోయ్, దేవుడి బొమ్మ లేకపోతే గోడకి ఎవరు తగిలిస్తారండి?" అని హరిబాబు లబోదిబోమన్నాడు.

"చూసేవాళ్ళు చూస్తారులేవోయ్," అన్నాడు ప్రసాద్.

ఎవరూ చూడలేదు. కొత్త సంవత్సరం రాగానే మొహమాటానికి చుట్టలు చుట్టి పట్టుకెళ్ళారు గానీ, గోడల మీద పక్క కొట్టువాళ్ళ వేంకటేశ్వరస్వామే వెలిశాడు. ఒకరింట్లో ఆయన సరస్సు అలమరలో పప్పు డబ్బాల కింద పరిచి ఉంది. ఇక సొంత తమ్ముడి భార్య సత్యశ్రీ అయితే ఫోటో మీద నిక్షేపంగా లక్ష్మీదేవి బొమ్మ అతికించేసింది. కొండమేకకు కొమ్ము కొసలు మాత్రం మిగిలాయి.

"ఏమనుకోకండి బావగారూ. పొద్దున్నే లేచి మేక మొహం ఏం చూస్తామండీ," అంది కాఫీ ఇస్తూ.

ప్రసాద్ నవ్వాడు. కాఫీ మాత్రం సగంలోనే వదిలేసి లేచాడు.

ఆ మర్నాడు నాగదుర్గ కొట్టుకు వచ్చింది. నరసాపురం అవతల నుంచి చేపలు తెచ్చి ఊళ్ళో వీధి వీధీ తిరిగి అమ్ముకునే మనిషి. శాకాహారుల కొట్టని తట్ట అవతల అరుగు కింద దించి, కాకుల మీద ఓ కన్నేసి, చిల్లుపడ్డ బేసిను బదులు కొత్తది చూపించమంది. మిగిలిపోయిన క్యాలెండర్లలో ఒకటి హరిబాబు అంతకుముందే ఆమెకూ ఇచ్చాడు. అమావాస్యా పున్నమీ చూసి సముద్రపు పోటు లెక్క కట్టుకునే ఇళ్ళు. తిథులుంటే చాలు.

"క్యాలెండరు కట్టానండి, ప్రసాదుగారండి," అంది బేసిను మీద వేలితో కొట్టి చూస్తూ. "మా అబ్బాయి వీరబాబు సంద్రం మీద వేటకెల్తే ఇంట్లో నేనొక్కద్దాన్నే కదండి. అన్నం తింటా దాన్నే చూత్తా ఉంటానండి."

ప్రసాద్‌కు ప్రాణం లేచి వచ్చింది. "మేకను చూశావా?"

"చూశానండి. మిమ్మల్నీ చూశానండి."

"నన్నా? నేనెక్కడున్నానమ్మా?"

గోడకున్న క్యాలెండరు దగ్గరికెళ్ళి, తేదీల పైన, ఫోటో అంచున వేలు పెట్టింది. "అదిగోండి, మంచు మీద పొడుగ్గా నీడ. టోపీ కూడా ఉంది. మీదే కదండి?"

కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. తన నీడే. ఇన్నాళ్ళూ మేక కొమ్ములు చూసుకుని మురిసిపోవడమే గానీ, ఫోటో అడుగునున్న తనను తానే చూసుకోలేదు.

"పక్కనెవరూ లేరేంటండి? అంత సలిలో ఒక్కరే ఎందుకెల్లారండీ?"

ఫోటోల కోసమండి అనే మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"ఇంట్లో ఉండలేకమ్మా," అన్నాడు.

నాగదుర్గ అయ్యో అనలేదు. కాసేపు ఆ నీడకేసే చూసి, "ఆయ్. నాకూ అంతేనండి," అంది.

"కూచో దుర్గమ్మా. ఆ మేక ఎలా వచ్చిందో మొదట్నుంచీ చెప్తాను," అన్నాడు ప్రసాద్, తను కూర్చునే స్టూలు ఆమె వైపు జరిపి.

"ఇప్పుడు కాదండి బాబూ, ఐసు కరిగిపోద్దండి. రేపొత్తానండి, నిదానంగా చెబుదురుగాని," అంటూ బేసిను చంకన పెట్టుకుని, తట్ట నెత్తికెత్తుకుని ఎండలోకి వెళ్ళిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా ప్రసాద్ చూస్తూనే ఉన్నాడు. తర్వాత హరిబాబును పిలిచి, అటక మీదున్న రెండో స్టూలు దింపి తుడిచి పెట్టమన్నాడు.