నలభై ఒకటో వాక్యం

ఏప్రిల్ ఎండలో, మధ్యాహ్నం రెండు గంటలకు, అన్నం తిని వచ్చిన డ్రైవర్లకు ఇంగ్లీషు చెప్పడం ఎలా ఉంటుందో ఎవరైనా నన్ను అడగాలి. తెల్లవారుజామున నాలుగింటికి స్టీరింగు పట్టుకున్న మనుషులు వాళ్లు. నేను నోరు తెరిస్తే చాలు, ముందు వరసలో ఇద్దరి కళ్లు మూసుకుపోయేవి. తిట్టాలనిపించేది. నాకూ అక్కడే ఓ కుర్చీలో కూలబడి నిద్రపోవాలనిపించేది.

నేను తాండూరు కాలేజీలో ఇంగ్లీషు గెస్టు లెక్చరర్‌ని. మా ప్రిన్సిపాల్ మల్లేశ్వర్ సార్ ఒకరోజు పిలిచి, "జ్యోతిరాణీ, వికారాబాద్‌లో కార్ల డ్రైవర్లకు ఆరు వారాలు ఇంగ్లీషు చెప్పాలమ్మా. మంగళవారం, శుక్రవారం. నువ్వయితేనే చెయ్యగలవు" అన్నారు. నువ్వయితేనే అంటే మిగతావాళ్లెవరూ ఒప్పుకోలేదని అర్థం. అది తెలిసి కూడా "సరే సార్" అన్నాను.

స్టేషన్ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో, భోజనాల గదిలో మా క్లాసు. యాప్‌లో బుకింగులు పట్టుకుని అనంతగిరి గుట్టకూ కోట్‌పల్లి ప్రాజెక్టుకూ జనాన్ని తిప్పే డ్రైవర్లు తొమ్మిది మంది. వాళ్ల కోసం నలభై వాక్యాలు రాసి జిరాక్సు తీయించాను. ఎక్కడ దింపాలి సార్, ముందు ట్రాఫిక్ ఉంది మేడమ్, సీటు బెల్టు పెట్టుకోండి, ఏసీ పెంచమంటారా, ఇలాంటివి. చాలా పనికొచ్చే కాగితమని నా నమ్మకం.

గఫూర్ భాయ్ చివరి కుర్చీలో కూర్చునేవాడు. యాభై మూడేళ్ల మనిషి. మా తాండూరే. ఉర్దూ, తెలుగు, కన్నడ మూడూ మంచినీళ్లు తాగినట్టు మాట్లాడతాడు. నా నలభై వాక్యాలనూ నోటుబుక్కులో ఉర్దూ అక్షరాల్లో ఎక్కించుకుని, రెండు వారాల్లో బట్టీ పట్టేశాడు. పాపం, ఆయనకు తొందర ఉంది. ప్యాసింజరెవరో ఫిర్యాదు చేస్తే కంపెనీవాళ్లు యాప్‌లో ఆయన ఐడీ ఆపేశారు. మే మొదటి వారంలో వాళ్ల మనిషి వచ్చి బండిలో కూర్చుని పరీక్ష పెడతాడు. పాసైతే ఐడీ తెరుస్తారు. లేకపోతే ఈ వయసులో మళ్లీ బండల లారీ ఎక్కాల్సిందే. ఆయన నడుము అందుకు పనికిరాదని డాక్టరు చెప్పేశాడు.

వచ్చిన చిక్కల్లా ఒకటే. ఏం అడిగినా ఆయన జవాబు "ఓకే మేడమ్". మీ ఊరేదంటే ఓకే మేడమ్. టైమెంతంటే ఓకే మేడమ్. మూడో వారంలో ఒకరోజు నాకు తల పగిలిపోతోంది, ఫ్యాను తిరగడం లేదు. విసుగొచ్చి ఇంగ్లీషులో అన్నాను, మీ కారు నేను తీసుకుపోయి అమ్ముకుంటానని. "ఓకే మేడమ్" అన్నాడు. కొంచెం ఇంగ్లీషు తెలిసిన బీరన్న కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు.

"చాచా, బండి పాయె! మేడమ్ అమ్ముకుంటదంట!"

అందరూ పడీ పడీ నవ్వారు. సంగతి తెలిశాక గఫూర్ భాయ్ కూడా నవ్వాడు గానీ, మెడలోని రుమాలుతో ముఖం తుడుచుకుంటూ అలాగే ఉండిపోయాడు. నా విసుగు తీర్చుకోవడానికి ఓ పెద్దమనిషిని అందరి ముందూ చులకన చేశాను. ఆ రోజు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం నేనెక్కాల్సిన తాండూరు రైలు రద్దయింది. స్టేషన్ బయట దిక్కులు చూస్తుంటే గఫూర్ భాయ్ కారు వచ్చి ఆగింది.

"ఎక్కుండ్రి మేడమ్. నేను గూడ ఇంటికే పోతున్న."

ముందు సీట్లో కూర్చున్నాను. గేరు పక్కన చిన్నపిల్లల నీళ్ల సీసా ఉంది. గులాబీ రంగుది, మీద కుందేలు బొమ్మ. మనవరాలిదా అని అడిగాను.

"కాదు మేడమ్. గదే నా కేసు."

ధారూర్ దాటాక తనే మొదలుపెట్టాడు.

"ఒక తల్లి, ఆమె చిన్న పోరి. తెలుగు రాదు, హిందీ రాదు, అంత ఇంగ్లీషే. కోట్‌పల్లి కాడ దించిన. దిగుకుంట ఆమె ఏందో చెప్పింది. నేను ఓకే మేడమ్ అన్న. ట్రిప్పు అయిపోయింది అనుకొని ఒచ్చేసిన. పొద్దుగూకినంక వికారాబాద్‌ల ఎనుక సీటు చూస్తే బ్యాగు, పోరి స్వెట్టర్, గీ సీసా. అప్పుడు సమజ్ అయింది మేడమ్. నేను ఆగుత అనుకునే కద సామాన్ ఇడిసిపోయిండ్రు!"

"మీరు తిరిగి పోయిండ్రా?"

"ఉరికిచ్చిన. పోయేటాళ్లకు లేరు. ఆడ ఫోన్లకు సిగ్నల్ ఉండదు, బండి దొరకదు. పొద్దుగూకేదాక సూశి, మెయిన్ రోడ్డు దాక నడిశిండ్రంట. గా పోరికి ఆరేండ్లుంటయో లేవో. బ్యాగు కంపెనీ ఆఫీసుల ఇచ్చిన. గీ సీసా సీటు కిందికి దొర్లి ఉండె, తర్వాత దొరికింది."

"సమజ్ కాలేదని ఒక్కమాట అనొచ్చు కదా భాయ్?"

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "ముప్పై ఏండ్ల కెల్లి డ్రైవర్‌ని మేడమ్. సమజ్ కాలే అంటే, నీకేం తెలుస్తదిరా అంటరు. ఓకే అంటే మాట ఆడికి అయిపోతది. నా మొకం దిక్కు జూడరు."

ఇంటికెళ్లి నా జిరాక్సు కాగితం తీసి చూశాను. నలభైలో ఎక్కడా 'అర్థం కాలేదు' అన్న మాట లేదు. అన్నీ ఇంగ్లీషు వచ్చినవాడు చెప్పే మాటలే రాశాను, రానివాడు అడిగే మాట రాయలేదు. ఎమ్మే చదివానని గోడకు పట్టా తగిలించుకున్నాను కూడా. శుక్రవారం క్లాసులో బోర్డు మీద నలభై ఒకటోది రాశాను: "సారీ, ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్. ప్లీజ్ టెల్ మీ అగైన్." అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి అని.

ఎనిమిది మంది అన్నారు. గఫూర్ భాయ్ అనలేదు.

"గిదొక్కటి ఒద్దు మేడమ్. మిగతయి ఎన్నయిన జెప్తా."

బతిమాలాను, కోప్పడ్డాను. తిరుగుదారిలో ఆయన కార్లోనూ వదల్లేదు. సరిగ్గా అప్పుడే మల్లేశ్వర్ సార్ ఫోను. ఈ బ్యాచ్ అయిపోగానే ఇంకో బ్యాచ్ ఉందట. నాకు వద్దనాలని ఉంది. అయినా "సరే సార్" అని పెట్టేశాను. గఫూర్ భాయ్ మీసాల చాటున నవ్వాడు.

"మీరు గూడ ఓకే అన్నరు మేడమ్."

నాకు ఒళ్లు మండింది.

పరీక్ష రోజు కంపెనీ నుంచి వచ్చిన కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండా వెనక సీట్లో కూర్చున్నాడు. పంతులమ్మను కూడా ఎక్కించుకుంటానని గఫూర్ భాయ్ అంటే వద్దనలేదు. గఫూర్ భాయ్ తడుముకోకుండా సీటు బెల్టు వాక్యం చెప్పాడు, ఏసీ వాక్యం చెప్పాడు. గుట్ట మలుపులో ఆ కుర్రాడు గబగబా ఇంగ్లీషులో అడిగాడు, వచ్చే దారిలో ఏదైనా మెడికల్ షాపు దగ్గర ఆపమని. గఫూర్ భాయ్ "ఓకే సార్" అన్నాడు. మెడికల్ షాపు వచ్చింది, వెళ్లిపోయింది, బండి ఆగలేదు. కుర్రాడు ఆ సంగతే మరిచిపోయాడు. దిగేటప్పుడు "వెరీ గుడ్ ఇంగ్లీష్" అని వేలు పైకెత్తి చూపించి వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఐడీ తెరుచుకుంది.

తాండూరుకు తిరిగి వస్తుంటే ఆయన ముఖం వెలిగిపోతోంది. నేను ఊరుకోలేకపోయాను.

"గాయన ఆపుమన్నది సమజ్ అయిందా భాయ్?"

"కాలే. ఐడీ ఒచ్చింది కద మేడమ్, ఇగ ఫికర్ ఏంది?"

"మరి ఆ సీసా ఎందుకు పెట్టుకున్నరు? పారెయ్యుండ్రి."

ఆయన ముఖం మాడిపోయింది. మా ఇంటి ముందు నన్ను దింపి వెళ్లిపోయాడు. దిగాక నా నోటిని నేనే తిట్టుకున్నాను. క్లాసులు అయిపోయాయి. ఆయన మళ్లీ కనిపించలేదు, ఫోను చెయ్యడానికి నాకు ముఖం చెల్లలేదు.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం, చాటలో కందిపప్పు పోసుకుని ఏరుతున్నాను. ఫోను మోగింది. అవతల ఒకటే గాలి హోరు.

"మేడమ్, గఫూర్‌ని. కోట్‌పల్లి కాడున్న. కింద సిగ్నల్ లేదని కట్ట ఎక్కిన."

"ఏమైంది భాయ్?"

"ఏం గాలే. ఒక ముసలాయన, ఆయన భార్య ఎక్కిండ్రు. దిగుకుంట గాయన ఏందో అన్నడు. ఓకే నోటిదాక ఒచ్చింది మేడమ్. సీసా ముంగటనే ఉండె. పారెయ్యలే నేను. గా నలభై ఒకటోది అన్న."

"ఏమన్నారాయన?"

"మొకం చిట్లిచ్చిండు. నేను అనుకున్నట్టే చిట్లిచ్చిండు. మల్ల చెప్పిండు, గదీ సమజ్ కాలే. సిగ్గిడిశి మల్లొకపారి అడిగిన. అప్పుడు చేతులు తిప్పుకుంట ఒక్కొక్క మాట జెప్పిండు. ఆమెకు మోకాళ్ల నొప్పులంట, నీళ్ల దాక మెల్లగ పోయొస్తరంట. గంటసేపు ఆగుమన్నడు."

పప్పు చాట పక్కన పెట్టేశాను.

"స్టార్లు తక్కువ ఇస్తడేమో మేడమ్. మల్ల ఫిర్యాద్ జేస్తడేమో."

"చెయ్యనియ్యుండ్రి భాయ్." ఇంకేదో చెప్పాలనుకున్నాను. ఆ రోజు అన్న మాటకు క్షమించమని అడగాలనుకున్నాను. ఆయన నన్ను మాట్లాడనివ్వలేదు.

"ఉంట మేడమ్, కిందికి పోవాలె. నేను బండి కాడ లేకుంటే, పోయిండు అనుకుంటరు వాళ్లు."

ఫోను పెట్టేశాడు.