సగం మాట

టీంలో అతణ్ణి అందరూ గొడుగు అంటారు. సైకిల్ రేసు చివర్లో ఎదురుగాలికి తన ఒళ్లు అడ్డం పెట్టి, తన వెనక చక్రానికి అతుక్కుని వచ్చి ఆఖర్న దూసుకుపోయే స్ప్రింటర్‌ని గెలుపు గీత దగ్గరిదాకా లాక్కుపోవడం అతని పని. ఒంట్లో సత్తువంతా పిండేశాక "పో" అని పక్కకి తప్పుకుంటాడు. ఆ పైన చప్పట్లన్నీ వెనకవాడివి. ఇన్నేళ్లలో ఎంతమంది అతని వీపు చాటునుంచి దూసుకుపోయినా ఎవరిని చూసీ కడుపు మండలేదు. వాళ్లు పరాయివాళ్లు. ఇప్పుడు వెనక వస్తున్నవాడు సొంత బావమరిది.

పొద్దున హోటల్ గదిలో కాళ్లకి నూనె పట్టించుకుంటుంటే కోచ్ తలుపు తోసుకుని వచ్చాడు.

"పెద్ద టీం వాళ్లు మీవాణ్ణి అడుగుతున్నారు. కాళ్లలో సత్తా ఉందని నాకూ తెలుసు, తలకాయ సంగతే అనుమానం. తొందరపడేవాణ్ణి అక్కడ నమిలి ఉమ్మేస్తారు. వాణ్ణి నీకంటే ఎరిగినవాడెవడు? రేసయ్యాక నువ్వు సిద్ధమంటే పంపిస్తా. కాదంటే ఇంకో ఏడాది ఇక్కడే."

"అలాగే సార్."

కోచ్ వెళ్లాక నూనె చేతులతో అలాగే కూర్చున్నాడు. తన గురించి ఈ ప్రశ్న ఎవరూ ఎవరినీ అడగలేదు. వాడికి సైకిల్ నేర్పుతూ సీటు పట్టుకుని వీధి చివరిదాకా పరిగెత్తింది తను. చెయ్యి వదిలేశాక కూడా పట్టుకున్నానని అబద్ధమాడింది తను.

ఫోన్ మోగింది. భార్య.

"తమ్ముడు తిన్నాడా?"

"తిన్నాడు."

"సరిగ్గా పడుకున్నాడా?"

"నేనూ రేసులో ఉన్నానోయ్," అన్నాడు నవ్వుతూ అన్నట్టే.

"మీకేం కొత్తా," అందామె. ఆ మాట ప్రేమగానే అంది. అతనికి ముల్లులా దిగింది.

కింద వ్యాన్ దగ్గర మెకానిక్ బాబాయి చక్రాలకి గాలి కొడుతున్నాడు. "ఏరా గొడుగూ, మీవాడు పైకెళ్తే నీకూ ఓ కుర్చీ వేయిస్తాడులే."

"వేయిస్తాడు బాబాయ్. టీవీ ముందు."

బాబాయి పడీ పడీ నవ్వాడు. తనూ నవ్వాడు.

చివరి మలుపు తిరిగేసరికి గుంపంతా ఒక్క తోకలా సాగింది. తిన్నటి వీధి, మూసేసిన దుకాణాలు, మొహం మీద కొట్టే గాలి. వెనక వాడి చక్రం చప్పుడు. పెట్రోలు బంకు దాటాక "పో" అనాలని ముందే అనుకున్నారు. బంకు ఇంకా దూరంగా ఉంది. ఇక్కడే వదిలేస్తే వాడు గాలిలో ఒంటరిగా కొట్టుకుని గీత రాకముందే చతికిలబడతాడు. కోచ్ తన కళ్లతోనే చూస్తాడు. తను అబద్ధం చెప్పక్కర్లేదు, రోడ్డే చెబుతుంది. ఆ ఆలోచన తనదేనా అని అనుమానించే లోపలే నోరు తెరుచుకుంది.

"పో."

పక్కకి తప్పుకున్నాడు. వాడు దూసుకురాలేదు. అవతలినుంచి వెళ్తున్న ఎవరో పరాయి టీంవాడి వెనక్కి మెత్తగా జారుకున్నాడు. బంకు దాటేదాకా ఆ చాటునే ఉన్నాడు. తను గీత చేరేసరికి అక్కడ బావమరిది చేతులు పైకి లేచి ఉన్నాయి.

వ్యాన్ దగ్గర నీళ్ల సీసా తెచ్చి ఇచ్చింది వాడే.

"వినపడలేదా?" అన్నాడు గొడుగు.

"వినపడింది బావా."

"మరి?"

వాడు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ అన్నాడు: "నువ్వు నిజంగా పో అన్నప్పుడు మాట సగమే వస్తుంది. ఊపిరుండదు కదా నీకు. ఇవాళ నిండుగా వచ్చింది. ఇంకా లాగగలిగినవాడు పొమ్మంటున్నాడంటే దూరం అంచనా తప్పాడేమో అనుకున్నా." గొంతు తగ్గించి, "కోచ్‌కి చెప్పన్లే," అన్నాడు.

వాడి మొహమంతా వెతికాడు. ఎక్కడా అనుమానం లేదు. ఉండుంటే తేలికగా ఉండేది, తిట్టుకోవడానికైనా. ఆ చెవి వీడికెలా వచ్చింది? తన మాట సగమే వస్తుందని ఇన్నేళ్లుగా తనకే తెలీదు. తన వీపు వెనక అంత దగ్గరగా ఉండి, అంత గాలిలో, వీడు తనని వింటున్నాడు. తను ఎవరి వెనకున్నా వాళ్ల కాళ్లే చూశాడు.

వాడు వ్యాన్ అవతలికి వెళ్లాడు. కోచ్ వచ్చాడు.

"గెలిచాడు సరే. నువ్వు తప్పుకున్నాక ఎందుకాగాడు? పొమ్మన్నావా లేదా?"

మాట వినలేదు సార్, అంటే చాలు. అందులో అక్షరం అబద్ధం లేదు. ఆ వాక్యం నాలుక మీద సిద్ధంగా, నున్నగా, నిండుగా కూర్చుంది. అంత నిండుగా ఉన్నందుకే అతనికి దాన్ని చూసి భయమేసింది.

"తొందరపడి పొమ్మన్నాను. తప్పు నాది."

"వాడి సంగతి చెప్పు."

కడుపులో మంట పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది, రవ్వంత కూడా తగ్గలేదు. దాని మీదుగానే ఊపిరి లాగాడు.

"సిద్ధ..." అన్నాడు. మిగతాది గాలే వచ్చింది.

"ఏంటీ?" అన్నాడు కోచ్.

వ్యాన్ అవతల తువ్వాలు దులుపుతున్నవాడు చప్పున తలెత్తి ఇటు చూశాడు.