నది వంపు తిరిగిన చోటు

చమురు బావి తవ్వకంలో పైకొచ్చిన రాతిపొడిని నా గదిలో జల్లెడ పడుతుంటే ఇసుక కనపడింది. బంకమట్టి రావాల్సిన చోట నున్నటి గుండ్రటి రేణువులు వచ్చాయి. నీళ్లలో ఎంతో దూరం దొర్లితేనే ఇసుక అలా అరుగుతుంది.

కోట్ల సంవత్సరాల కిందట ఇక్కడో నది పారింది. నది పోయింది, దాని ఇసుక మిగిలింది, పైన బంకమట్టి మూతలా పరుచుకుంది. అడుగునుంచి పైకి పాకే చమురు, గ్యాసు ఆ ఇసుకలో చేరి, మూత దాటలేక అక్కడే ఉండిపోతాయి. మామూలుగా అయితే మేం వెతికేది అలాంటి నదినే. ఈ బావి మాత్రం దాన్ని తప్పించుకుని ఇంకా లోతుకు పోవాలి. నది ఈ బావికి దూరంగా తూర్పుకు తిరిగిందని మ్యాపులో గీసింది, ఇక్కడి జియాలజిస్టుగా, నేనే. నా గీతను నమ్మి, తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురదను పలచగా కలిపి నింపారు. గ్యాసు తన్నుకొస్తే అణిచిపెట్టాల్సింది ఆ బురద బరువే.

పైగా జల్లెడలోకి వచ్చేది ఎప్పుడూ పాత కబురే. రాతిపొడి బురదతో పాటు పైకి తేలడానికి అరగంట పడుతుంది. అంటే రాతిని తొలిచే బిట్ ఇసుకలో దిగి అప్పుడే అరగంటైంది. బావి నోటి దగ్గర నిలబడి బిట్ నడుపుతున్నది మా తమ్ముడు.

తవ్వకం చూసుకునే సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను.

"ఆపేయండి సార్. నదిలోకి దిగాం."

"నది అటు పక్కనుందని నువ్వే కదమ్మా చెప్పావు?"

"తప్పు చెప్పాను. ముందు ఆపండి, తర్వాత తిడుదురుగాని."

బురదను తిప్పే పంపులు ఆగాయి. పంపు ఆగితే బురదా కదలకూడదు. తమ్ముడు వంగి బావిలోకి చూశాడు. నేను కిటికీకి అతుక్కుపోయాను. బావి నోట్లోంచి బురద మెల్లగా, దానంతటదే పొంగుతోంది. మిగతావాళ్లు వెనక్కి పరిగెత్తారు. బావి నోరు మూసే మీట తమ్ముడి చేతిలో ఉంది కాబట్టి వాడు ఉండిపోయాడు. అమ్మకు ఈ కబురు ఎలా చెప్పాలో కూడా ఆలోచించేశాను, నా బుద్ధి తగలెయ్య.

వాడు మీట లాగాడు, బావి మూసుకుంది. లోపలి ఒత్తిడి చూపే గేజి ముల్లు ఎక్కి ఎక్కి ఆగింది.

ఒళ్లంతా బురదతో తమ్ముడు నా గదిలోకొచ్చాడు. "ఏంటక్కా, దయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావు? నీ నది దొరికిందిగా."

"నోర్ముయ్," అన్నాను. ఏడుపు ఆగలేదు.

వెనకే సూపర్‌వైజర్ నవ్వుకుంటూ వచ్చి బల్లమీద మ్యాపు పరిచాడు. "నది గ్యాసుతో నిండుగా ఉందమ్మా. తర్వాతి బావి దీని మీదే. ఇక్కణ్నుంచి ఎటు తిరిగిందో గియ్యి."

"తొందరగా గియ్యక్కా. ఈసారి నేను నిలబడేది ఎక్కడో చూద్దాం," అన్నాడు తమ్ముడు.

పెన్సిల్ తీసుకున్నాను. మ్యాపు మీద ఎక్కడ ఆనించబోయినా నాకు వాడి బూట్లే కనపడుతున్నాయి.